వంతెన దిగగానే వచ్చే జబ్బు

కృపారాణికి ఆ పాత పికప్ బండి మీద ఉన్న ప్రేమ మొగుడి మీద లేదని రేపల్లెలో ఒక మాట ఉంది. అది పూర్తిగా అబద్ధమేం కాదు. మొగుడు శాలేమురాజు తల నెరిసేదాకా పొన్నూరు రైసుమిల్లు లారీ తోలినవాడు. ఆయన పక్కన కూర్చుని డ్రైవింగు నేర్చుకుందామని ఆవిడ చేసిన ప్రయత్నాలన్నీ క్లచ్చి దగ్గరే చచ్చాయి. ఆవిడ కాలు వదిలితే బండి ఆగిపోయేది, బండి ఆగితే ఆయన నోరు మొదలయ్యేది. అందుకే తన వంటల వ్యాపారానికి బండి కొనాల్సి వచ్చినప్పుడు, క్లచ్చి లేని, గేర్లు వాటంతటవే పడే ఆటోమేటిక్ బండే కావాలని పట్టుబట్టింది. ఎవరో వాడి వదిలేసిన రెండు వరసల సీట్ల పికప్ ఒకటి బాపట్లలో దొరికింది. వారం తిరక్కుండా బిర్యానీ డేక్సాలు వెనకేసుకుని చుండూరు పెళ్ళికి తనే తోలుకుపోయింది. ఆ రోజు ఆవిడ మొహం చూడాలి.

శాలేమురాజుకి బండి నచ్చలేదు. గేరు వెయ్యనివాడు డ్రైవరేంటి అన్నాడు. అంటూనే తాళాలు తీసుకుని తిరిగాడు.

కొన్నాళ్ళకి బండికి జబ్బు మొదలైంది. ఉన్నట్టుండి ఇంజను ఊళ పెడుతుంది, బండిలో మాత్రం ఊపు ఉండదు. మరుక్షణం వెనకనించి ఎవరో తన్నినట్టు ముందుకు దూకుతుంది. గేర్‌బాక్సు పోయిందని శాలేమురాజు తేల్చేశాడు. ఆ తేల్చడంలో కాస్త సంతోషం కూడా ఉంది. చీరాలలో బసవలింగం అనే బేరగాడు దీన్ని తీసుకుని, బదులుగా గేర్ల బండి ఇస్తానన్నాట్ట. శనివారం వచ్చి చూసుకుంటాట్ట. గేర్ల బండి ఇంటికొస్తే తను మళ్ళీ పక్క సీట్లో చేతులు కట్టుకు కూర్చోవాల్సిందేనని కృపారాణికి తెలుసు. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది, ఏడుపు వెనకే కోపమొచ్చింది.

ముందు బండిని తనే తోలుకుంటూ తెనాలిలో ఇస్సాకు అనే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇస్సాకు గేర్‌బాక్సు ఆయిలు తీసి తెల్లగుడ్డ మీద చుక్క వేసి చూశాడు. ఎర్రగా, శుభ్రంగా ఉంది. వాసన చూశాడు, మాడు కంపు లేదు. కంప్యూటరు తగిలిస్తే అదీ ఏ తప్పూ చూపించలేదు. తనే ఊరంతా తోలి చూశాడు, బండి బుద్ధిగా పోయింది. లోపల గేర్లు జారుతుంటే ఆయిలు నల్లబడి మాడు కంపు కొట్టాలక్కా, అవేం లేవు, ఎగిరేటప్పుడే తీసుకురా అని పంపించేశాడు.

శాలేమురాజు ఊరుకుంటాడా. మర్నాడే బాపట్లలో ఇంకో మెకానిక్కుని ఎక్కించుకున్నాడు. అతను కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని, దాని తెర వంకే చూస్తూ కూర్చున్నాడు. కాలవ వంతెన దిగగానే బండి ఎగిరింది, అతని తల పోయి పక్క అద్దానికి తగిలింది. బొప్పి తడుముకుంటూ గేర్‌బాక్సు మొత్తం విప్పాల్సిందేనన్నాడు. శాలేమురాజు ఇంటికొచ్చి ఆ బొప్పి సైజు అందరికీ చేత్తో చూపించాడు. అత్తగారు దానమ్మ పాస్టరు గారిని పిలిపించి, బానెట్ మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించింది. ఆ సాయంత్రమే బండి మళ్ళీ ఎగిరింది.

కృపారాణి వంటమనిషి. కూర చెడితే కూరని తిట్టదు, ఎవరు వండారని అడుగుతుంది. తను తోలితే బండి ఎగరదు. ఇస్సాకు తోలినా ఎగరలేదు. ఆయన తోలితేనే, అదీ వంతెన దిగాకే. ఈ మాట మొగుడితో అంటే, నువ్వు ఎద్దుబండి తోలినట్టు పోతావు, నీకేం తెలుస్తుందని కొట్టిపారేశాడు. సాక్షి కావాలి. ఆయన ఎదురు చెప్పలేని సాక్షి లోకంలో ఒక్కరే ఉన్నారు.

శుక్రవారం పొద్దున్నే కొరమీను పులుసు పెట్టింది. జంపనిలో ఆడపడుచుకి ఇచ్చొద్దామని అత్తగారిని బయల్దేరదీసి, బండి మొగుణ్ణే తోలమంది. ఆవిడ చేత చర్చికి కట్టే తెల్లచీర కట్టించింది. గిన్నె అంచుదాకా నింపి, మూత ఇంట్లో మర్చిపోయింది. అలా మర్చిపోవడానికి ఎంత జ్ఞాపకశక్తి కావాలి. పులుసు చల్లారేదాకా మాత్రం ఆగింది, మరీ అంత దుర్మార్గురాలు కాదు. గిన్నెని ముందు సీట్లో అత్తగారి ఒళ్ళో పెట్టి, తను వెనక సీట్లో, మొగుడి ఎడమచెయ్యి కనపడేచోట కూర్చుంది.

మొదటి వంతెన వచ్చింది. బండి నడిమధ్యకి ఎక్కగానే శాలేమురాజు ఎడమచెయ్యి గేరు రాడ్డుని న్యూట్రల్లోకి నెట్టింది. బండి పల్లంలో చప్పుడు లేకుండా దొర్లింది. ఆయన హాయిగా కూనిరాగం తీశాడు. డీజిలు మిగల్చడానికి లారీ రోజుల్లో పల్లం వచ్చినప్పుడల్లా చేసిన పనే అది, మిల్లు యజమాని చేత మెప్పు పొందిన పని. పల్లం అయిపోగానే కాలు ఆక్సిలేటరు తొక్కింది. ఇంజను ఊళ పెట్టింది. అప్పుడు చెయ్యి రాడ్డుని వెనక్కి లాగింది. దభీమని బండి ఎగిరింది, దానితోబాటు పులుసూ ఎగిరింది.

దానమ్మ తెల్లచీర కొంగు మీద కొరమీను తలకాయ పడి ఉంది.

"ఒరేయ్ రాజూ, ఆ రాడ్డు ఎందుకు కదిపావురా?" అంది దానమ్మ.

"ఏ రాడ్డమ్మా?"

"నీ చేతిలో ఉన్నది."

ఆయన తన చేతి వంక చూసుకున్నాడు. అబద్ధమాడలేదు పాపం, నిజంగానే తెలియదు. ఊపిరి పీలుస్తున్నానని డాక్టరుకి ఎవరు చెప్తారు. ఆటోమేటిక్ బండిని అలా దొర్లించకూడదని, ఇంజను ఊళ పెడుతుండగా గేర్లోకి లాగితే ఎగరక ఏం చేస్తుందని కృపారాణి వీలైనంత మెత్తగా చెప్పింది. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే అని దానమ్మ చేప తలకాయ తీసి గిన్నెలో వేసింది.

ఇక కదపనని ఆయన ఒట్టేశాడు. రెండో వంతెన మీద చెయ్యి మళ్ళీ కదిలింది, దానమ్మ దాని మీద ఒక్కటి వేసింది. మూడో వంతెన ముందు శాలేమురాజు తనే బండి పక్కకి ఆపి దిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఎవరిదో చెయ్యి తెచ్చి తనకి తగిలించినట్టు దాన్నే చూసుకుంటూ నిలబడ్డాడు. గెలిచానని సంబరపడాల్సిన కృపారాణికి ఆయన్ని అలా చూస్తే జాలేసింది. మొగుణ్ణి దొరకబుచ్చుకోడానికి ఇంత అల్లరి చెయ్యాలా అనిపించింది.

"వంతెనలున్న చోట మాత్రం నేను తోల్తానండి. మిగతా దారంతా మీదే," అంది.

ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఈ కాలవల సీమలో వంతెన లేని దారే లేదని జంపని చేరాక గానీ ఆయనకి వెలగలేదు.

శనివారం బసవలింగం చెప్పిన వేళకే వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, గేర్‌బాక్సు ఎంతవరకు పోయిందని అడిగాడు. వాకిట్లో తెనాలి పెళ్ళికి డేక్సాలు ఎక్కిస్తున్న కృపారాణి చేతులు ఆగిపోయాయి. పోయిందని ఆయన ఒక్క మాటంటే చాలు, బండీ పోతుంది, దానితోబాటు ఆ పులుసు కథా పోతుంది, మళ్ళీ గేరు ఆయన చేతికొస్తుంది. శాలేమురాజు బండిని చూశాడు, ఆవిడని చూశాడు, తల గోక్కున్నాడు.

"అమ్మట్లేదండి. బండికి నయమైపోయింది."

"ఏం మార్చారేంటి?"

"డ్రైవర్ని," అన్నాడు శాలేమురాజు. ఆ పైన, తెనాలికి ఆలస్యమవుతోంది కృపా, రా అంటూ పక్క సీటు తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు.