నాలుగు పేర్ల రేకు

నేను ఒక ఇనుప రేకును. చేపల ఓడ వెనకభాగాన, చుక్కానికి పైన, బోల్టులతో బిగించి ఉండేదాన్ని. తలుపు రెక్కంత ఉంటాను. ఓడ పేరూ, దాని సొంత రేవు పేరూ నా మీదే రాస్తారు. మనుషులకు మొహం ముందుంటే ఓడకు వెనకుంటుంది. పారిపోయేవాణ్ణి గుర్తుపట్టడానికి అదే వీలు కాబోలు.

ఉత్తరాన చలిదేశంలో ఒక ఓడల కార్ఖానాలో నన్ను కోసి, సాపు చేసి, నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో ‘నార్త్ లార్క్’ అని రాశారు. కింద రాసిన రేవుకు ఏటా వెళ్లేవాళ్లం. అక్కడి జనం నన్ను చూసి చేతులూపేవాళ్లు. చెప్పుకోదగ్గ బతుకే. ఆ యజమాని ముసలివాడై ఓడను అమ్మేశాడు. కొన్నది ఒక కంపెనీ. కంపెనీ అంటే ఎక్కడో ఒక దేశంలో ఒక గది, ఆ గదికి తాళం, తలుపు మీద ఒక పోస్టుడబ్బా. అంతే. కొన్నవాడి మొహం నేను ఈనాటికీ చూడలేదు. నేనే కాదు, ఎవరూ చూడలేదు.

ఇక్కడ చట్టం సంగతి కాస్త చెప్పాలి. నడిసముద్రం ఎవరి సొత్తూ కాదు. అక్కడ ఓడ మీద చెల్లేది అది ఎగరేసిన జెండా తాలూకు దేశపు చట్టం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కొన్ని దేశాలు జెండాను పెళ్లిపందిరి సామాను అద్దెకిచ్చినట్టు ఇస్తాయి. తీసుకున్నవాడు ఏం చేశాడో అడగవు. అలాంటి జెండాయే మాకూ కట్టారు. ఆ దేశపు ఒడ్డు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఇది చూసి మిగతా దేశాలు కూర్చుని ఒప్పందాలు రాసుకున్నాయి. నేనేమీ తప్పు పట్టడం లేదు, మంచి ఒప్పందాలే. దొంగతనంగా చేపలు పట్టిన ఓడను నల్లజాబితాలో పెట్టాలి. దాన్ని ఏ రేవూ రానివ్వకూడదు, ఇంజనుకు నూనె పోయకూడదు, సరుకు దింపుకోనివ్వకూడదు. అన్ని దేశాలూ కలిసి కట్టిన ఆ గోడకు మా యజమాని వేసిన కన్నం ఒక్కటే. రంగు డబ్బా.

ఆ డబ్బా పట్టుకునే చెయ్యి కామేశుది.

సూరాడ కామేశుది శ్రీకాకుళం తీరంలో ఒక చేపలూరు. పడవల మీద పేర్లు రాయడంలో ఆ చుట్టుపక్కల అతనికి సాటి లేరు. సరుకు ఓడలో ఉద్యోగమని ఏజెంటు నమ్మబలికి, అతన్నీ అతని బావ ధనరాజునీ ఈ ఓడ ఎక్కించాడు. ఎక్కీ ఎక్కగానే కెప్టెన్ పాస్‌పోర్టులు లాక్కుని పెట్టెలో పెట్టాడు. కామేశుకు అక్షరాలు బాగా వస్తాయని తెలిశాక అతని చేతికి గీకుడు కత్తీ, బ్రష్షూ ఇచ్చాడు. పాత పేరు ఇనుము తేలేదాకా గీకెయ్, కొత్తది రాయి అన్నాడు.

ఒక చెక్కపలకకు తాళ్లు కట్టి కామేశునూ ధనరాజునూ నా ముందుకు దింపారు. కామేశు కత్తిని నా అంచున టకటకా కొట్టాడు. చప్పుడే తప్ప గీకింది లేదు. ఆ తర్వాత తాపీగా నీలం మీదే ఎరుపు పూయడం మొదలుపెట్టాడు.

“ఒరే, గీకీరా! ఆడు పైనించి సూత్తన్నాడు,” అన్నాడు ధనరాజు.

“నాను గీకను బావా. మనూర్లో పడవ పేరు ఎప్పుడు సెరుపుతారు? ఒడ్డునేసి ఇరగ్గొట్టినప్పుడు, ఆ ఇంటి పెద్దముత్తైదువు సముద్రం నీల్లతోటి తుడుత్తాది. మనుసులున్న పడవ పేరు గీకితే ఆ మనుసుల్ని గంగమ్మకి అప్పసెప్పినట్టే. మనం ఇరవైమందిమి ఉన్నాం దీన్లో.”

“ఇది మనూరి పడవేటిరా, గంగమ్మకి తెలవడానికి?”

“గంగమ్మకి ఊర్లేటి బావా? ఇదీ ఆ తల్లి నీల్లే.”

ధనరాజూ ఒక ఇనుప ముక్క తీసుకుని టకటకా కొట్టడం మొదలుపెట్టాడు.

అలా ‘సీ బ్లెస్సింగ్’ అయ్యాను. ఆ పేరుతో మేం చేసిన పనులు చెప్పడానికి నాకు ఇనుపనోరైనా చాలదు. పక్క దేశాల హద్దుల్లోకి చొరబడటం, పిల్లచేపల్ని కూడా వదలని సన్నకన్ను వలలు లాగడం. సొరల్ని పట్టి, రెక్కలు కోసుకుని, బతికుండగానే మొండేల్ని నీళ్లలోకి తోసేవాళ్లు. రెక్కల్లేక ఈదలేని సొర మునిగిపోవడం నేను వెనకనుంచి చూసేదాన్ని. నా మీద ఆశీర్వాదం అని రాసి ఉంది! ఆ పేరు నల్లజాబితాకెక్కగానే ‘గోల్డెన్ హోప్’ అయ్యాను. అదీ ఎక్కాక ‘గుడ్ ఫెయిత్’. పెట్టే పేర్లు చూడండి. దొంగలకు దేవుడి మీద ఉన్నంత భక్తి పూజారులకు కూడా ఉండదు. ప్రతిసారీ కామేశు కత్తితో చప్పుడు చేశాడు, ఒక్కసారీ గీకలేదు.

నూనె అయిపోయి ఒక చిన్న ద్వీపదేశపు రేవుకు వెళ్లాం. అక్కడి తనిఖీ అధికారిణి క్లోదీన్ మోటారు పడవలో ఓడ చుట్టూ తిరిగింది. కాగితాలు చూసి సరే అనకుండా నా దగ్గర ఆగింది. సాయంత్రపు ఏటవాలు ఎండ పడుతోంది. తెల్లరంగు కింద పాత అక్షరాల అంచులు ఉబ్బి కనిపించాయి. జేబులోంచి చాకు తీసి గీకింది. తెలుపు కింద పచ్చ, పచ్చ కింద ఎరుపు, ఎరుపు కింద నీలం. నాలుగు పేర్లూ బయటపడ్డాయి. వాటిలో రెండు నల్లజాబితాలో ఉన్నవే. ఓడను అక్కడికక్కడే పట్టుకున్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. దొంగ దొరికాడనుకున్నాను.

దొరికింది ఎవరు? జెండా ఇచ్చిన దేశాన్ని అడిగితే ఆ ఓడ మాది కాదంది. కంపెనీని పిలిస్తే పోస్టుడబ్బా పలకలేదు. కెప్టెన్ తరఫున పెద్ద లాయరు దిగాడు. పేరు మార్చమని తాను చెప్పలేదని, ఆ రంగులు పూసే కుర్రాడే సొంత తెలివితో చేశాడని కెప్టెన్ ప్రమాణం చేసి, జామీను మీద విమానమెక్కి వెళ్లిపోయాడు. ధనరాజునూ మిగతావాళ్లనూ ఇళ్లకు పంపేశారు. గోళ్లలో రంగు మిగిలి ఉన్నవాడు ఒక్కడే. ఓడ గుర్తులు తారుమారు చేసిన నేరం కింద కామేశును జైల్లో పెట్టారు. రేకును గనక ఎండకు మండటం నాకు మామూలే. ఆ రోజు ఎండ లేకుండానే మండిపోయాను.

నన్ను విప్పి కోర్టుకు సాక్ష్యంగా మోసుకెళ్లారు. భాష తెలిసిన మనిషి కావాలంటే నారన్న వచ్చాడు. అతని ముత్తాతలు చెరకు తోటల్లో పనికి ఆ ద్వీపానికొచ్చిన తెలుగువాళ్లు. రేవు కార్యాలయంలో పని చేస్తాడు. అతని తెలుగు భజనల్లో నేర్చుకున్నది.

“నాయనా, భయపడకుము. సత్యము చెప్పుము, నేను వారికి చెప్పెదను,” అన్నాడు.

“సత్తెమే సెప్తాను బాబూ. రాసింది నానే. రాయమన్నది కెప్టెను. పాసుపోర్టు ఆడి పెట్టెలో ఉంటే కాదంటే నన్నెక్కడ దింపుతాడు, సముద్రంలోనా? గీకమన్నాడు, నాను గీకనేదు.” ఎందుకు గీకలేదో కూడా చెప్పాడు.

క్లోదీన్ లేచి, ఈ మనిషి గీకేసి ఉంటే మనకు సాక్ష్యమే లేదని, ఇతన్ని సాక్షిగా పిలవాలి గానీ ముద్దాయిగా కాదని గట్టిగా వాదించింది. జడ్జి శ్రద్ధగా విన్నాడు. మంచివాడే, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు కూడా. చట్టంలో మాత్రం రాసినవాడికి శిక్ష ఉంది, గీకనివాడికి మినహాయింపు లేదు. కామేశు ఒప్పుకున్నాడు గనక నేరం రుజువైనట్టే. జైల్లో ఉన్నకాలం చాలునని, ఇంటికి పంపమని, ఇకమీదట ఏ ఓడలోనూ పని ఇవ్వకుండా అతని పేరు దొంగవేట నావికుల జాబితాకెక్కించి ఆ సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నిటికీ పంపమని తీర్పు చెప్పాడు. సూరాడ కామేశు, తండ్రి పేరు, ఊరి పేరు, అన్నీ తప్పు లేకుండా రాశారు. ఆ మొత్తం కేసులో నిజమైన పేరు అదొక్కటే.

ఇప్పుడు రేవు కార్యాలయంలో కొత్త అధికారులకు పాఠాలు చెప్పే హాల్లో గోడకు వేలాడుతున్నాను. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వచ్చి, నా పొరలు తడిమి చూసి, భలే అంటారు. ఓడను వేలం వేశారు. ఇంకో కంపెనీ కొంది, దానికీ ఒక పోస్టుడబ్బా ఉంది. కొత్త రేకు బిగించుకుని వెళ్లిపోయింది. యజమాని మారాడు గనక ఓడను నల్లజాబితాలోంచి తీసేయమని అర్జీ పెట్టుకున్నారు, తీసేశారు. నిబంధన ఉంది మరి.

క్లోదీన్ కూడా కామేశు పేరు తీసేయమని ఆ జాబితావాళ్లకు రాసింది. జవాబొచ్చింది. ఓడల పేర్లు తొలగించే పద్ధతి ఉందట, మనుషుల పేర్లు తొలగించే పద్ధతి ఇంకా రాసుకోలేదట. ఒప్పందం రాసుకున్న దేశాల వచ్చే సమావేశంలో ఆలోచిస్తారట. సమావేశం అయింది. చేపల గురించి చాలా బాగా మాట్లాడారని విన్నాను.

నిన్న మధ్యాహ్నం నారన్న హాలు ఊడుస్తుంటే ఫోన్ మోగింది, అవతల కామేశు. నారన్న దాన్ని స్పీకర్లో పెట్టి నా పక్కనే బల్ల మీద ఉంచాడు. విశాఖ రేవులోనూ తనను ఓడెక్కనివ్వడం లేదట. కంప్యూటర్లో పేరు కొట్టగానే ఎర్రగా వస్తోందట.

“బాబూ, ఓడ పేరు తీసేసినారంట గదా. నా పేరెప్పుడు తీత్తారు?”

నా ఒంటి మీద నాలుగు పేర్లున్నాయి. వాటిలో ఒకటి ఆ మనిషికిచ్చి ఓడ ఎక్కించే వీలుంటే బాగుండును. ఓడకైతే ఒక్క డబ్బా రంగుతో పనైపోయేది.