కబడ్డీ గీతల పొడి

గాలివానకు బడి వసారా మీది సిమెంటు రేకులు ఆరు పగిలి కిందపడ్డాయి. ఆ ముక్కలతో ఏం చేయాలో కనిపెట్టింది తానేనని డ్రిల్లు మాస్టారు రామకోటేశ్వరరావు బెజవాడ వన్ టౌనంతా చెప్పుకుని తిరిగాడు. కిందటేడు రిపబ్లిక్ డే ఆటలకు సున్నంతో గీతలు గీస్తే కబడ్డీ ఆడిన పిల్లల అరికాళ్లు పొక్కులెక్కాయి. ఈ రేకు ముక్కల్ని రోట్లో దంచి, పాత చీరగుడ్డలో జల్లిస్తే ముగ్గుపిండిలా దిగుతుంది. మంట పుట్టదు, పాదాలకు మెత్తగా ఉంటుంది.

దంచే పని ఆయా శౌరమ్మ మీద పడింది. డెబ్బై ఎనిమిది జనవరి అది. ఆటలకు తొమ్మిది రోజులుంది.

రోకలి విరిగిందని చెప్పి శౌరమ్మ ఒకరోజు గడిపింది. మాస్టారు ఇంకో రోకలి తెచ్చాడు. ఈసారి ముక్కల మీద చెంబెడు నీళ్లు కుమ్మరించి దంచింది. అంతా ముద్దయి కూర్చుంది.

"ఏంటి శౌరమ్మా, గీతలకు పొడి అడిగితే గారెలపిండి రుబ్బావే!"

"దుమ్ము లేస్తందండీ."

"బెజవాడలో దుమ్ముకి జడిస్తే ముక్కు ఇంటిదగ్గర పెట్టి రావాలి."

ఆ దుమ్ము సంగతి శౌరమ్మకు తెలిసినంతగా ఆ బడిలో ఇంకెవరికీ తెలియదు. ఆమె మొగుడు మరియదాసు పన్నెండేళ్లు ఈ సిమెంటు రేకుల ఫ్యాక్టరీలోనే కోత రంపం దగ్గర పనిచేశాడు. రోజూ కనురెప్పలు నెరిసినవాడిలా ఇంటికి వచ్చేవాడు. ఆ చొక్కాను ఆమె గుమ్మంలో దులిపి ఉతికేది. ఇప్పుడతను కుళాయి దాకా నడిస్తే రెండుసార్లు ఆగాలి. గవర్నర్‌పేట డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి అడ్డంపెట్టి చూసి, ఇది క్షయ కాదు, రేకుల సిమెంటులో కలిపే రాతినార, అదే ఆస్బెస్టాస్, ఊపిరితిత్తుల్లో ముళ్లలా దిగబడిపోయింది, బయటికి తీసే మందు లేదు అని చెప్పి కాగితం రాసిచ్చాడు.

అదంతా బడిలో చెప్పడానికి లేదు. పిల్లలకు కుండలోంచి నీళ్లు ముంచి పోసేది ఆమే. మొగుడు దగ్గుతున్నాడంటే కాగితం చదివేదెవరు? క్షయ అనే అంటారు. ఆ పూటే నీళ్ల కుండ దగ్గర్నుంచి, ఆనక బడిలోంచి పొమ్మంటారు. అందుకే మరియదాసు కొండపల్లిలో వాచ్‌మన్‌గా ఉన్నాడనీ, ఆదివారాలు వచ్చిపోతాడనీ రెండేళ్లుగా చెప్పుకొస్తోంది.

శౌరమ్మతో అయ్యే పని కాదనుకుని, మర్నాడు మాస్టారు ఐదో తరగతి పిల్లల్ని రోలు చుట్టూ కూర్చోబెట్టాడు. వాళ్లు పాటలు పాడుతూ దంచారు, ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. వాళ్లలో ఒక పిల్ల తల పైకెత్తి నవ్వింది. దాని కనురెప్పలు తెల్లగా ఉన్నాయి.

శౌరమ్మ వసారాలోని నీళ్లకుండ ఎత్తుకొచ్చి రోట్లో బోర్లించింది.

హెడ్‌మాస్టరు సంజీవరావు ముందు పంచాయితీ జరిగింది.

"మతిపోయిందండీ ఈవిడకి" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"ఎందుకు చేశావు శౌరమ్మా?"

ఎవరో చెప్పగా విన్నానని తప్పుకోవచ్చు. అలా అంటే రేపు మళ్లీ దంచుతారు.

"మా ఆయన ఆ దుమ్ము తినే కూలబడ్డాడండి. కొండపల్లిలో లేడు. ఇంట్లోనే ఉన్నాడు, రెండేళ్లనుంచి."

సంజీవరావు కళ్లజోడు తీశాడు. "దగ్గా?"

"దగ్గు, ఆయాసమూనండి. క్షయ కాదు. డాక్టరుగారి కాయితం ఉంది."

"అది తీసుకురా. అందాకా నీళ్లు ఎలిజబెత్ టీచరుగారు పోస్తారు."

అనుకున్నదే జరిగింది. ఆమె ఇంటికెళ్లి మొగుణ్ణి లేపింది.

"లే మావా, బడికి పోవాలి."

"నన్ను కొండపల్లిలో పెట్టావుగా. ఏ రైలుకి రమ్మంటావే?"

రిక్షాలో వచ్చి, బడి మూడు మెట్లూ ఎక్కి, మరియదాసు గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. అతను ఊపిరి అందుకునేదాకా అందరూ నిలబడే ఉన్నారు. సంజీవరావు కాగితం రెండుసార్లు చదివాడు.

"మా ఇంటి కప్పూ ఈ రేకులేనయ్యా. మేమంతా పోవాల్సిందేనా?" అన్నాడు రామకోటేశ్వరరావు. గొంతులో మునుపటి జోరు లేదు.

"పైన కదలకుండా ఉన్నన్నాళ్లూ దాని కింద పడుకోండి బాబూ. కొయ్యమాకండి, పగలగొట్టమాకండి, నూరమాకండి. పొడయితేనే అది లోపలికి పోద్ది" అన్నాడు మరియదాసు.

"మరి దంచిన పిల్లలు?" అన్నాడు సంజీవరావు.

"ఏం కాదని చెప్పలేనండి, అవుద్దనీ చెప్పలేను. ఫ్యాక్టరీలో మా అందరికీ ఏళ్ల తరబడి పీలిస్తేనే ఇది పట్టింది. ఇయ్యాల్టితో ఆపించండి. బట్టలు దులపొద్దనండి, తడిపి విడిగా ఉతకమనండి. ఇక్కడ పొడి చీపురు వాడొద్దు, నీళ్లు చల్లి తుడవాలి."

సంజీవరావు ఆ మాటలన్నీ నోటీసు పుస్తకంలో రాసి టీచర్లందరిచేతా సంతకాలు పెట్టించాడు. పిల్లల్ని పెందలాడే ఇళ్లకు పంపాడు. పెద్దవాళ్లు ముక్కుకు తడిగుడ్డలు కట్టుకుని, ముక్కల్నీ ముద్దనూ తడితడిగానే గోనెసంచుల్లోకి ఎత్తారు. ఆ సంచుల్ని పాతడానికి దొడ్డి చివర మనిషి లోతు గొయ్యి తవ్వింది డ్రిల్లు మాస్టారే. ఎవరూ చెప్పలేదు, తనే పార అందుకున్నాడు. గీతల కోసం కొబ్బరితాడు లాగి మేకులు కొడదామన్నారు.

కాగితం చూశాక కూడా నీళ్ల పని మళ్లీ శౌరమ్మకిచ్చే సంగతి సంజీవరావు ఎత్తలేదు. మర్నాడు ఇంటర్వెల్లులో ఎలిజబెత్ టీచరు కుండ దగ్గర నిలబడి ఉంది. శౌరమ్మ దూరంగా తడిగుడ్డతో వసారా తుడుస్తోంది. అరచేతులు బొబ్బలెక్కిన రామకోటేశ్వరరావు వచ్చాడు.

"ఏం శౌరమ్మా, దాహమేస్తోంది. నీళ్లు పోస్తావా, నన్ను కూడా డాక్టరు కాయితం తెమ్మంటావా?"

ఎలిజబెత్ టీచరు నవ్వి గ్లాసు శౌరమ్మ చేతికిచ్చి పక్కకు తప్పుకుంది. శౌరమ్మ చేయి కడుక్కొచ్చి ముంచి ఇచ్చింది. పిల్లలందరూ చూస్తుండగా ఆయన తాగి, ఇంకో గ్లాసు అడిగాడు. పిల్లలు వరస కట్టారు. ఇద్దరు మాత్రం, అమ్మ తాగొద్దంది కాబోలు, వరసలో చేరకుండా గోడవార నిలబడ్డారు. శౌరమ్మ వాళ్లను చూసింది. మిగిలినవాళ్లకు పోస్తూ వెళ్లింది.