రేకుల మధ్య తడి

నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని శుక్రవారం కెమిస్ట్రీ క్లాసులో ఉదయభాస్కర్ సారు చెప్పారు. ఆ పట్టు వల్లే నీళ్ళు అంత వేడి పెడితేగాని మరగవట. దాని పేరు హైడ్రోజన్ బంధం. నోట్సులో రాసుకుని కింద గీత గీశాను. నీళ్ళుంటే పట్టు ఉంటుంది. నాకు అర్థమైంది అంతే.

మా అమ్మ సూర్యకళ ఆత్రేయపురంలో పూతరేకులు చేస్తుంది. పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను వేడి కుండ మీద పరిచి తీస్తే ఉల్లిపొర లాంటి రేకు లేస్తుంది. ఆరాక ముట్టుకుంటే విరుగుతుంది. అందుకే మడిచే ముందు తడిగుడ్డతో అద్దాలి. ఆ పని అమ్మ నాకెప్పుడూ ఇవ్వలేదు.

శనివారం సాయంత్రం రావులపాలెం నుంచి చంద్రరావుగారు రావాలి. వాళ్ళమ్మాయి నిశ్చితార్థానికి పూతరేకులు చెప్పారు. ఇవి నచ్చితే పెళ్ళికీ మాకే చెబుతామన్నారు.

"నెయ్యి తెస్తానే తులసీ. రేకులు పెళుసెక్కాయి, ముట్టుకోకు" అని అమ్మ బయటికి వెళ్ళింది.

పెళుసెక్కడమంటే పట్టు లేకపోవడమేగా అనుకున్నాను. దొంతర మొత్తం మీద నీళ్ళు చిలకరించి, తడిగుడ్డ కప్పాను. అమ్మ వచ్చి మెచ్చుకుంటుందని కూడా అనుకున్నాను.

అమ్మ వచ్చి గుడ్డ తీసింది. పై రేకు పట్టుకుంటే దొంతరంతా లేచింది.

"ఏం చేశావే ఇది?"

"పట్టు వస్తుందని..."

"వచ్చిందిగా! ఇప్పుడు ఊడదీయి చూద్దాం!"

ఒక్కటీ ఊడలేదు. కొత్త రేకులు తీయడానికి అమ్మ కుండ కింద మళ్ళీ కొబ్బరాకులు ఎగదోసింది. కుండ దగ్గర కూర్చుంటే ఆవిడ చేతులు ఖాళీ ఉండవు. మడవడానికి నేను తప్ప ఎవరూ లేరు.

"గుడ్డ పిండు. ఇంకా పిండు. ఇప్పుడు అద్దు."

"ఎంతసేపమ్మా?"

"మెత్తబడేదాకా."

"మెత్తబడిందని ఎలా తెలుస్తుంది?"

"చేతికి తెలుస్తుందే!"

నా చేతికేమీ తెలియలేదు. మొదటిది చిరిగింది. రెండోది విరిగింది. ఆ తర్వాతది ఎందుకో మడతపడింది. దానికీ ముందువాటికీ నేను చేసిన తేడా ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, అలాగే మడుస్తూ పోయాను.

చంద్రరావుగారు వచ్చేసరికి ఇంకా కొన్ని మడవాల్సినవి ఉన్నాయి. అరుగు మీద కూర్చుని ఒకటి తుంచి నోట్లో వేసుకున్నారు.

"ఏమండీ సూర్యకళగారూ, మడత కాస్త వంకరగా ఉందేంటండీ?"

"మా అమ్మాయి మడిచిందండి. కొత్త చెయ్యి."

"వంకరైతేనేం, నోట్లో వేస్తే కరిగిపోతుందిగా. పెళ్ళికీ మీరే చెయ్యాలండోయ్" అన్నారాయన.

అంటుకున్న దొంతర మర్నాటికి ఎండి పలకలా గట్టిపడింది. నేను చల్లిన నీళ్ళన్నీ ఆరిపోయాయి. మరి రేకుల్ని ఎవరు పట్టుకున్నట్టు? సోమవారం ఆ ముక్క తీసుకెళ్ళి, క్లాసంతా వెళ్ళిపోయాక సారుకి చూపించాను.

ఆయన దాన్ని బల్ల మీద కొట్టి చూసి నవ్వారు. "కొద్దిగా తడి ఉంటే నీళ్ళు పిండి అణువుల మధ్యకి దూరి వాటి పట్టు వదులు చేస్తాయమ్మా. అందుకే రేకు మెత్తబడుతుంది. ఎక్కువైతే పై రేకూ కింది రేకూ మెత్తబడి కలిసిపోతాయి. నీళ్ళు ఆరాక పిండి అణువులే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి."

అంటే పట్టు ఇచ్చే నీళ్ళే పట్టు వదిలిస్తాయి. వదిలించి, వెళ్ళిపోతూ మళ్ళీ కలుపుతాయి. తలూపాను గాని, బస్సులో వస్తున్నంతసేపూ కొద్ది ఎక్కడ ఆగి ఎక్కువ ఎక్కడ మొదలవుతుందో అడగలేదే అనుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. శ్రద్ధగా వింది.

"ఎంత తడపాలో చెప్పారా మీ సారు?"

"చెప్పలేదమ్మా."

"నాకూ చెప్పడం రాదే" అని అమ్మ తడిగుడ్డ నా చేతిలో పెట్టి కుండ వైపు తిరిగింది. "పిండు."