బండ దగ్గరే ఆగు

“వాళ్ళు నన్ను అడిగితే ఏం చెప్పనండీ?”

అన్నం వడ్డిస్తూ అన్నాను. అప్పటికి నన్నెవరూ ఏమీ అడగలేదు. అప్లికేషన్ కాగితమైనా తెచ్చుకోలేదు. మా ఆయన సుబ్బరాయుడు గారు పప్పు కలుపుకుంటూ తలెత్తారు.

“ఎవరు? ఏమిటి అడిగేది?”

“కొత్త స్కూలు వాళ్ళండీ. పిల్లకే కాదట, అమ్మానాన్నలకి కూడా ఇంటర్వ్యూ ఉంటుందట. రుక్కమ్మ చెప్పింది.”

“రుక్కమ్మ గేదెలకి కూడా ఉందటా?”

ఆయన అన్నిటికీ నవ్వుతారు. ఇంటర్ చదివి, టెలిఫోన్ల ఆఫీసులో పని చేసే మనిషి. నన్ను ఐదో తరగతి మధ్యలోనే బడి మానిపించారు. మా అమ్మ మంచాన పడితే ఇంట్లో వండిపెట్టే దిక్కు లేకపోయింది. ఆ తర్వాత నేను పుస్తకం పట్టుకున్నది మా అమ్మాయి అట్టలు వేయమన్నప్పుడే.

మా అమ్మాయి బాలాత్రిపురసుందరి. అత్తగారి పేరు పెట్టుకున్నాం. స్కూలు కాగితాల్లో గళ్ళు చాలవు కాబట్టి బాల అని రాస్తారు. కొత్తగూడలో రేకుల షెడ్డు కింద నడిచే చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగో తరగతి చదువుతోంది. ఆ బడిలో నాలుగు దాటితే తరగతులు లేవు. ఐదుకి కొండాపూర్ దారిలో కొత్తగా కట్టిన పెద్ద స్కూల్లో సీటు దొరకాలి. దొరక్కపోతే లింగంపల్లి పంపాలి, బస్సులో. కిక్కిరిసిన బస్సు మెట్ల మీంచి బాల జారి పడిపోవడం నేను అప్పటికే చాలాసార్లు చూసేశాను, పొయ్యి ముందు కూర్చునే.

రుక్కమ్మ మా ఇంటి ఓనరు. ముందు భాగం మాకు కిరాయికిచ్చి, వెనక తను, గేదెలు ఉంటారు. మర్నాడు పాలు పోయించుకుంటూ మళ్ళీ అడిగాను.

“నిజమేనమ్మా జయలక్ష్మీ. మా చెల్లె మనుమనికి గట్లనే అయింది. తల్లికి ఏం రాదని సీటియ్యలే,” అంది.

“ఏం అడిగారట?”

“గది నాకేమెరుక? పిల్ల చదివేదే అడుగుతరు గద. నువ్వు గూడ నాల్గో తరగతి చదువు, అయిపాయె. ఇద్దరు జెడలేసుకొని పోండ్రి.”

ఆవిడ ఎగతాళికే అంది. నేను మాత్రం ఆ రోజు సాయంత్రమే బాల పక్కన చాప మీద కూర్చున్నాను.

మొదట లెక్కలు. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగింది. నాలుగు పెద్దది కదా, నాలుగో వంతే అన్నాను. బాల వంటింట్లోకి వెళ్ళి రెండు దోసెలు తెచ్చి ఒకదాన్ని మూడు ముక్కలు, ఇంకోదాన్ని నాలుగు ముక్కలు చేసింది.

“ఇప్పుడు చెప్పమ్మా. ముగ్గురు తింటే నీకెక్కువొస్తుందా, నలుగురు తింటేనా?”

“నాకెప్పుడూ మిగిలిందే కదే వచ్చేది,” అన్నాను. అయినా అర్థమైంది. ఇన్నేళ్ళుగా దోసెలు పోస్తున్న దాన్ని, ఎన్నడూ అలా చూడలేదు.

సైన్సులో తడి దూదిలో చిక్కుడు గింజలు పెట్టాం. కుళ్ళిపోతాయేమోనని పొద్దున్నా సాయంత్రం మూత తీసి చూశాను. నువ్వు చూడబట్టే రావడం లేదని బాల కసిరింది. వచ్చాయి. ఒక గింజని తలకిందులుగా పెట్టినా వేరు వంగి కిందికే దిగింది. దానికి ఎవరు చెప్పారో అనిపించింది.

అన్నిటికన్నా కష్టం సోషల్. మ్యాపులో ఉత్తరం పైన ఉంటుందంటే నాకు ఎక్కలేదు. పైన ఉండేది ఆకాశం. బాల ఓపిగ్గా పుస్తకాన్ని నేల మీద పెట్టి తిప్పింది. ఉత్తరం గుర్తు రుక్కమ్మ గేదెల కొట్టం వైపు వచ్చేదాకా తిప్పి, “ఇప్పుడు చూడు, నువ్వు నిజంగా మ్యాపులో కూర్చున్నట్టే,” అంది. ఆ తర్వాత బడి నుంచి ఇంటికి దారి వేయమని టీచరు హోంవర్కు ఇస్తే ఇద్దరం కలిసి వేశాం. తూర్పున మెయిన్ రోడ్డు, దాని పక్కన బడి, పడమర మా ఇల్లు, మధ్యలో బండ.

ఆ బండ గురించి చెప్పాలి. ఇంటికీ బడికీ నడుమ ఖాళీ జాగాలో రెండు పెద్ద రాళ్ళు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉండేవి. రోజూ బడి వదిలే వేళకి నేను అక్కడికి వెళ్ళి నిలబడేదాన్ని, పైది దొర్లుతుందేమోనని కాస్త ఎడంగా. బాల అంతవరకు ఒక్కతే వస్తుంది, అక్కడినుంచి నా చెయ్యి పట్టుకుంటుంది. ఆ ఏడు ఆ చుట్టుపక్కలంతా లారీలు, మిషన్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు. గుండ్రటి అద్దాల భవనం ఒకటి లేచిన దగ్గర్నుంచి రోజుకో గోడ పుట్టేది. అందుకే దానికి పదే పదే చెప్పేదాన్ని. నేను రావడం ఆలస్యమైనా సరే, ఎవరు పిలిచినా సరే, బండ దగ్గరే ఆగు.

ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి దారికి అడ్డంగా తాడు కట్టి ఎర్ర గుడ్డలు వేలాడదీశారు. విజిల్ పట్టుకున్న ఒకాయన ఆపాడు.

“ఇగ అటు పోవద్దమ్మా. బండ పేలుస్తున్నం.”

“మా పాప అక్కడే ఉంటుంది. అక్కడే ఆగుతుంది.”

“ఎవ్వరు లేరమ్మా. అందర్ని పంపించినం.”

“మీకు తెలియదు. ఆగమని చెప్పింది నేనే.”

నన్ను వెనక్కి తోశాడు. విజిల్ ఊదాడు. నేల కాళ్ళ కింద అదిరింది. దుమ్ము అణిగాక చూస్తే అక్కడ ఆకాశం ఉంది, బండ లేదు. తాడు కింద నుంచి దూరి పరిగెత్తాను. ముక్కలైన రాళ్ళ మధ్య వెతికాను. నీలం గౌను కనిపిస్తుందేమోనని చూశాను, కనిపించకూడదని కూడా చూశాను. బడి దాకా వెళితే గేటుకి తాళం వేస్తున్న ఆయా, పిల్లలంతా వెళ్ళిపోయారమ్మా అంది.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. గుమ్మంలో మెట్టు మీద బాల కూర్చుని ఉంది. పక్కన రుక్కమ్మ, ఇద్దరి మధ్య మరమరాల గిన్నె.

“ఏడ తిరుగుతున్నవమ్మా? పిల్ల ఎప్పుడో వచ్చింది.”

నేను వెళ్ళి బాల వీపు మీద ఒక్కటి వేశాను. రుక్కమ్మ దాన్ని తన వైపు లాక్కుంది.

“పిల్ల ఇంటికొచ్చిందని కొడ్తున్నవా? ఏం మనిషివి నువ్వు?”

“బండ దగ్గరే ఆగమన్నానా లేదా?” అన్నాను.

బాల ఏడవలేదు. “తాడు కట్టేశారమ్మా. అటునుంచి రానివ్వలేదు. వెనకనుంచి తిరిగి వచ్చాను.”

“వెనక దారి నీకెలా తెలుసు?”

“తెలియదు. అన్నీ కొత్త గోడలే. సాయంత్రం కదా, సూర్యుడు మొహం మీద పడేట్టు నడిచాను. మనిల్లు బడికి పడమర. మ్యాపులో వేశాం కదా, నువ్వూ నేనూ.” మరమరాలు గుప్పెట్లోకి తీసుకుని మళ్ళీ అడిగింది. “బండ లేకపోతే ఎక్కడ ఆగాలమ్మా?”

లోపలికి వెళ్ళి పాలు వెచ్చబెట్టాను. మర్నాటి నుంచి నేరుగా బడి గేటు దగ్గరికే వెళ్ళి నిలబడటం మొదలుపెట్టాను. బాల మాత్రం నా చెయ్యి పట్టుకోలేదు. నాలుగడుగులు ముందు నడిచేది.

ఇంటర్వ్యూ పరీక్షలయ్యాక వచ్చింది. నాకు పన్నెండో ఎక్కం వరకు వచ్చు. మొక్క భాగాలు వచ్చు. మా జిల్లాకి నాలుగు వైపులా ఏముందో వచ్చు. “మై డాటర్ ఈజ్ ఇన్ ఫోర్త్ క్లాస్” అని ఆటోలో పెదాలతో అనుకుంటూనే ఉన్నాను. మా ఆయన చూసి, “ఫీజు కట్టి నిన్నూ చేర్చేద్దామా?” అన్నారు.

ప్రిన్సిపల్ మేడమ్ తెలుగావిడే. బాలని లెక్కలడిగింది, ఇంగ్లీషు చదివించింది, తల ఊపింది. తర్వాత నా వైపు తిరిగింది. నేను కొంగు సర్దుకుని ఎక్కాలన్నీ గొంతు దాకా తెచ్చుకున్నాను.

“పాప బాగా చెప్పిందమ్మా. ఒక్కటే అడగాలి. మా వ్యాను మీ సందుల్లోకి రాదు, మెయిన్ రోడ్డు మీదే దింపుతుంది. ఏ వేళకొస్తుందో చెప్పలేం, మీకోసం ఎదురుచూస్తూ ఆపడం కుదరదు, తోడు పంపడానికి మనుషులు లేరు. అక్కడినుంచి ఒక్కతే ఇంటికి రాగలదా? భయమైతే ఇప్పుడే చెప్పేయండి, సీటు ఇంకొకరికి ఇస్తాను.”

నేను చదివిన వాటిలో ఆ ప్రశ్న లేదు.

“అదేముందండీ,” అని మా ఆయన మొదలుపెట్టబోయారు.

“అమ్మని చెప్పనివ్వండి. పంపేది ఆవిడే కదా.”

మెయిన్ రోడ్డు, దాని మీద లారీలు, కూలీల గుడిసెలు, ఇంకా పుట్టని గోడలు అన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. మబ్బు పట్టిన రోజైతే? సూర్యుడే కనబడని రోజు ఎటు నడుస్తుంది? మేడమ్ పెన్ను మూత పెట్టింది, తీసింది. మా ఆయన దగ్గారు. బాల మాత్రం నన్ను చూడటం లేదు. కిటికీలో పడుతున్న ఎండని చూస్తోంది. నన్ను అడగాలనుకుంటున్నదేదో అడగకుండా ఆపుకున్నట్టు పెదాలు బిగించుకుంది. ఎక్కడ ఆగాలని గుమ్మంలో మెట్టు మీద అది అడిగిన మాట ఇంకా నా దగ్గరే ఉంది.

“వస్తుందండీ,” అన్నాను. “మెయిన్ రోడ్డుకి మా ఇల్లు పడమర. సాయంత్రం సూర్యుడు మొహం మీద పడేట్టు నడుచుకుంటూ వచ్చేస్తుంది. దారిలో ఎక్కడా ఆగక్కర్లేదు.”