పొడి కాలు

"ఊఁ, కాలివ్వండి దొరగారూ," అంటూ ట్యూబు ముక్క నోరు రెండు చేతులా సాగదీసి పట్టుకున్నాడు బాబాయి. కుక్క కాలు ఇవ్వలేదు సరికదా, ముఖం అటు తిప్పుకుంది. అతనే మోకాళ్ల మీదికి వంగి, తెల్ల కట్టు కట్టిన వెనక కాలిని మెల్లగా ఎత్తి, దాని చుట్టూ పొడి గుడ్డ చుట్టాడు. ఆ పైన ట్యూబు తొడిగాడు. అది పాత కారు టైరులోది. ఒక కొసను తనే జిగురు పెట్టి మూసి మేజోడులా చేశాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య మూతి తిప్పింది. "నా కాళ్ల వంక ఒక్కరోజైనా అంత శ్రద్ధగా చూశావా?"

"నీ కాళ్లకేం, నన్ను ఇల్లంతా తరుముతూనే ఉన్నాయిగా."

ఆమె నవ్వలేదు. "రాత్రి పాలు ముట్టలేదది. పొద్దున కూడా వాసన చూసి వదిలేసింది. గమనించావా?"

"అలిగింది. సాయంత్రం కట్టు విప్పేస్తారుగా, అప్పుడు గిన్నెతో సహా మింగేస్తుందిలే."

కుక్కను చంకన వేసుకుని పనికి బయలుదేరాడు. ఒళ్లు కాస్త వెచ్చగా తగిలింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. అతని ధ్యాసంతా దాని మీదే.

కార్లు కడిగే షెడ్డులో అతను బాబాయిగా మారి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. నీళ్ల గొట్టం చేతికి వచ్చినప్పుడు మీసం నల్లగా ఉండేది. ఇప్పుడు మీసం తెల్లబడింది, చేతివేళ్లు ఎప్పుడు చూసినా నాని ముడతలు పడి ఉంటాయి. ఇంటికి రాగానే భార్య ఒక మెత్తటి పాతగుడ్డతో అతని కాలివేళ్ల సందులు తుడిచేది. ఆ గుడ్డే ఇప్పుడు కుక్క కాలికి చేరింది. తనే తెచ్చి ఇచ్చి, ఇచ్చినందుకు రోజూ సణుగుతూ ఉంటుంది.

షెడ్డులోంచి వెనక్కి వస్తున్న ఓ కారు చక్రం కింద పడి కుక్క కాలు విరిగింది. ఊరికే తిరిగే వీధికుక్క. ఎవరిదని అడిగితే అందరూ ఆకాశంలోకి చూశారు. బాబాయి గోనెసంచిలో పడుకోబెట్టి పశువుల డాక్టరు దగ్గరికి మోసుకెళ్లాడు. "ఈ కట్టు తడిస్తే లోపల పుండు కుళ్లుతుంది. అప్పుడిక కాలు తీసెయ్యడమే," అన్నాడు డాక్టరు. నీళ్లలో బతికేవాడికి ఆ మాట మేకులా దిగబడింది. మొదట్లో ట్యూబు రాత్రింబవళ్లు తీయకుండా ఉంచేశాడు. లోపల చెమట పట్టి కట్టు చెమ్మగిల్లితే డాక్టరు చెడామడా తిట్టాడు. అప్పటినుంచి నీడకు రాగానే ట్యూబు విప్పి గాలి తగలనిస్తాడు.

షెడ్డులో నీడా పొడీ రెండూ ఉన్న చోటు ఒక్కటే, కస్టమర్లు కూర్చునే చెక్కబల్ల. ట్యూబూ గుడ్డా విప్పి కుక్కను దాని మీద పడుకోబెట్టాడు. అలా పనివాళ్ల మధ్య బల్లెక్కి కూర్చున్నందుకే దానికి దొరగారన్న పేరొచ్చింది.

"బల్ల కస్టమర్లకా, కుక్కకా బాబాయ్?" అన్నాడు యజమాని, ఎప్పటిలాగే.

"కస్టమర్లకి కాళ్లు బాగానే ఉన్నాయి బాబూ. నిలబడతారు."

బల్ల వైపు ఒక్క తుంపర కూడా ఎగరకూడదని వచ్చిన ప్రతి కారునీ ముక్కు బల్లకు అవతలి వైపు తిప్పించి ఆపించేవాడు. బల్ల ఉన్న మూల నుంచి, నడుం విరిగేలా వంగి, గొట్టం నేలకు దించి కడిగేవాడు. ఒకాయన, ఇంజను ఏదో మూలుగుతోంది, చూడవయ్యా అన్నాడు. "పైన మెరిపించడం వరకే నా పని సార్. లోపలి సంగతి మెకానిక్కు చూసుకుంటాడు," అన్నాడు బాబాయి అద్దం తుడుస్తూనే.

మధ్యాహ్నం పాలలో రొట్టె నానబెట్టి నోటి దగ్గర పెట్టాడు. కుక్క రొట్టె తినలేదు. అతని వేలు ఒకసారి నాకి తల వాల్చేసింది. డొక్కలు వేగంగా ఎగిసిపడుతున్నాయి. ఉక్కపోత కదా అనుకున్నాడు. కట్టు తడిమి చూశాడు, బాగానే ఉంది. అంతలో వాన అందుకుంది. రేకుల సందులోంచి బల్ల మీద పడబోతున్న ధారకు అడ్డంగా బకెట్టు వేలాడదీసి, తను తడుస్తూ మళ్లీ పనిలో పడ్డాడు.

వాన తెరిపి ఇచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్లాలని చేతులు తుడుచుకుని వచ్చాడు. అలవాటుగా కట్టు మీదే చెయ్యి వేశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి నొక్కి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"బాబూ, చూడు! ఇంత వానలోనూ చుక్క తగల్లేదు. ఎండుటాకులా ఉంది!"

యజమాని నవ్వుతూ దగ్గరికి వచ్చి, కుక్క ముఖం చూసి ఆగిపోయాడు. వంగి దాని డొక్క మీద అరచెయ్యి ఉంచాడు.

"బాబాయ్," అన్నాడు నెమ్మదిగా, "పోయింది."

కాలు ఇంకా బాబాయి చేతిలోనే ఉంది.

యజమాని డాక్టరుకు ఫోను చేశాడు. ఆ రోజు దెబ్బ కడుపులోకీ తగిలి ఉంటుందని, తిండి మానేసినప్పుడే తీసుకురావాల్సిందని ఆయన అన్నాడు. బాబాయి విన్నాడు. భార్య పొద్దున అన్న మాట గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ కాలినే చూశాడు, కుక్కను చూడలేదు.

షెడ్డు వెనక మెత్తటి నేలలో ఇద్దరూ కలిసి గొయ్యి తీశారు. మళ్లీ తుంపర మొదలైంది. కుక్కను దించబోతుంటే బాబాయి ఉండమని సైగ చేసి, బల్ల మీది పొడి గుడ్డ తెచ్చి కాలికి చుట్టాడు. దాని మీద ట్యూబు తొడిగాడు.

"ఇంకెందుకు బాబాయ్ అది?"

"వాన పడుతోంది కదా బాబూ."

ఇక ఇంటికి వెళ్లమని యజమాని ఎంత చెప్పినా కదల్లేదు. గిన్నెలో పాలు పోసుకుని ఎదురుచూస్తున్న మనిషికి ఏమని చెప్పాలో అతనికి తోచలేదు. ఆఖరి కారు వస్తే తనే కడుగుతానన్నాడు. చెయ్యి ఊపుతూ దాని ముక్కు అటువైపు తిప్పించి, ఆ మూల నుంచి నడుం వంచి, గొట్టం నేలకు దించి కడిగాడు.

షెడ్డంతా నీళ్లు పారుతున్నా, ఖాళీ బల్ల మీద ఒక్క చుక్క పడలేదు.