రెండూ రాయమంది

తైవాన్‌లోని తైనాన్ ఊళ్లో మా వారపత్రికకు తువాన్ సూహ్వా గారి గురించి రాసింది నేనే. ఎనభై ఒక్కేళ్ల మనిషి. ఒకప్పుడు టేబుల్ టెన్నిస్‌లో పతకాలు గెలిచింది. తర్వాత నలభై ఏళ్లు పిల్లలకు ఆట నేర్పింది. మాటలయ్యాక వాళ్లింటి నుంచి బయల్దేరబోతూ అడిగాను: "మిమ్మల్ని ఏమని రాయమంటారు టీచరుగారూ? తైవాన్ మనిషనా, చైనా మనిషనా?"

ఆవిడ నవ్వింది. "పుట్టింది చైనాలో, హునాన్‌లో. ఏడేళ్లప్పుడు ఓడెక్కించి తీసుకొచ్చారు. తిన్నదంతా ఈ ఊరి అన్నమే. రెండూ రాయి నాయనా, నీ కాగితమేం అరిగిపోదు."

రాసుకున్నాను. ఆఫీసుకొచ్చి కొట్టేశాను. చైనా నుంచి వచ్చినవాళ్ల ఏలుబడిలో, బడిలో ఇంటిభాష మాట్లాడినందుకు మెడలో పలక వేయించుకున్న మనిషి మా నాన్న. చైనా అన్న మాట నా చేతిమీదుగా అచ్చవడం నాకిష్టం లేదు. 'తైవాన్ బిడ్డ' అని శీర్షిక పెట్టాను. హునాన్ ఊసెత్తలేదు. నలుగురూ మెచ్చుకుంటే పొంగిపోయాను.

పదోనాడు ఆవిడ రమ్మని ఫోన్ చేసింది. వెళ్లేసరికి పత్రిక బల్ల మీద పరిచి ఉంది.

"మా అక్క హునాన్‌లోనే ఉండిపోయింది. మనవడు ఫోన్‌లో చూసి చదివి వినిపించాడట. 'అమ్మ నిన్ను కన్న ఊరు చెప్పుకోవడానికి సిగ్గేసిందా' అని అడిగింది. హునాన్ మాట వద్దని నేను నీకు చెప్పానా?"

"లేదండీ. నేనే తీసేశాను."

"మరిచిపోయావా?"

అవునంటే సరిపోయేది. "లేదండీ. కావాలనే."

తిట్టినా బాగుండేది. "మేమెవరిమో ఎప్పుడూ పక్కవాళ్లే చెప్పేవాళ్లు. నువ్వు అడిగావని ఎంత సంతోషపడ్డానో" అంది.

ఆవిడ అక్కకు వీడియో కాల్ కలిపి ఫోన్ నా చేతికిచ్చింది. తెర మీద ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలావిడ.

"తప్పు నాదండీ. ఆవిడ చెప్పింది, నేనే కొట్టేశాను."

"ఎవరే ఈ అబ్బాయి? గట్టిగా చెప్పమను, వినపడి చావట్లేదు!"

కిటికీ తెరిచే ఉంది. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ ఆగిపోయింది. మూడుసార్లు అరిచి చెప్పాను.

"అయితే నువ్వు చెప్పావన్నమాటే చెల్లీ" అంటూ అక్క ఏడ్చింది. ఇద్దరూ తమ ఊరి యాసలో పడి నన్ను మరిచిపోయారు. చెప్పులేసుకుని వచ్చేశాను.

మరుసటి వారం సవరణ వేశాం. హునాన్ పేరు 'పొరపాటున జారిపోయింది' అని ఎడిటర్ రాశాడు. అచ్చుకు వెళ్లేముందు ప్రూఫు నా చేతికే వచ్చింది. చదివాను. ఏమీ దిద్దకుండా సంతకం పెట్టి ఇచ్చేశాను.