అవతలి మోత

కాలేజీ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు కొత్త అట్టలు కట్టేవాడు కనక అతన్ని అందరూ అట్టల మాస్టారనే పిలిచేవారు. పగలంతా చీమ చిటుక్కుమన్నా వినిపించే గదిలో సూదీ దారం, జిగురు గిన్నె ముందేసుకుని కూర్చునేవాడు. సాయంత్రం ఇంటికొస్తే మాత్రం చెవులు చిల్లులు పడేవి. అతని అద్దెగది కిందే గ్రిల్లులు చేసే షాపు. ఇనుప చువ్వలు కోసే మిషన్ మొదలైందంటే గోడకున్న అద్దం గజగజలాడేది.

మిగతా వేళల్లో ఆ మోతతో అతనికేం పేచీ లేదు. వచ్చిన చిక్కల్లా ఆరు గంటలకే. ఆ వేళకి భార్య ఫోన్ చేసేది.

ఆమెది బట్టల మిల్లులో ఉద్యోగం. నేసి వచ్చిన గుడ్డలో తెగిన పోగులు వెతికి పట్టుకోవడం పని. ఈ ఊళ్లో మిల్లు మూతపడ్డాక, బస్సులో పగలంతా కూర్చుంటే గాని చేరలేని ఊళ్లో ఇంకో మిల్లుకి పంపారు. "ఒక్క ఏడాదే బావా, ఇట్టే గడిచిపోతుంది" అని పెట్టె సర్దుకుంది. మూడేళ్లయింది. హాస్టల్ గదిలో ఆరుగురు. ఆమెది మధ్యాహ్నం షిఫ్టు, రాత్రి దిగి వచ్చేసరికి మిగతావాళ్లు నిద్రలో ఉండేవారు. ఆమె తీరిగ్గా ఉండే పొద్దుటిపూట అతను ఆదివారాలు కూడా తెరిచే లైబ్రరీలో ఉండేవాడు, అక్కడ ఫోన్ నిషిద్ధం. వారానికొచ్చే సెలవును కూడా వాడుకోకుండా పోగేసుకునేది, ఏడాదికి రెండుసార్లయినా పదేసి రోజులు ఇంటికి రావచ్చని. ఇక మిగిలింది ఆరింటికి ఇచ్చే అరగంట విరామం. మగ్గాల షెడ్డు నుంచి గేటు దాకా నడకే పది నిమిషాలు. అంచేత షెడ్డు వరండాలోనే ఒక చేత్తో డబ్బా పట్టుకుని తింటూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకునేది.

"తిన్నావా?" అని అతను అరిచేవాడు.

"ఆఁ! విన్నా, విన్నా!" అని ఆమె అరిచేది.

అట్లా ఉండేది వాళ్ల సంసారం. అరిచి చెప్పగలిగినవే చెప్పుకునేవాళ్లు: గ్యాసొచ్చిందా, జ్వరం తగ్గిందా, వాన పడిందా. చివర్లో ఆమె ఏదో అనేది, ఇతను "సరే, సరే" అనేవాడు. ఫోన్ పెట్టేశాక గదిలో కూర్చుంటే, ఒకప్పుడు ఆమె దువ్వెన నోట కరుచుకుని జడ వేసుకుంటూ తనలో తను మాట్లాడుకున్న సన్నటి గొంతు ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయి, గుర్తురాక తల్లడిల్లేవాడు.

తప్పంతా గ్రిల్లులవాడిదేనని అతని గట్టి నమ్మకం. ఒకరోజు వెళ్లి గొడవ కూడా పడ్డాడు. "మాస్టారూ, ఇనుము గుసగుసలాడదు కదండీ" అన్నాడు వాడు నవ్వుతూ.

దాంతో బయటి మోతను ఆపే హెడ్‌ఫోన్లు కొనాలని బజారుకెళ్లాడు. షాపులో కళ్లజోడు నెత్తి మీదకి తోసుకున్న ఒక నడివయసావిడ ఉంది. ఆవిడ మొదట చెవిలో దూర్చుకునేవి ఇచ్చింది. తల తిప్పితే ఊడిపడ్డాయి. తర్వాత చెవిని మొత్తం కప్పేసే మెత్తటివి అతని ఫోన్‌కి కలిపి, తలకి పెట్టి, పక్కనున్న బొత్తాం నొక్కింది. వీధి ఆగిపోయినట్టయింది. ఎదురుగా బస్సు వెళ్తోంది, హారన్ లేదు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. అతని మొహం వెలిగిపోయింది.

"ఇవే ఇచ్చెయ్యండి."

అప్పుడే ఆరయింది. ఫోన్ మోగింది. ఆత్రంగా ఎత్తాడు. ఎత్తగానే మగ్గాల చప్పుడు గుర్రాల దండులా చెవుల్లోకి దూకింది. మునుపటికంటే ఎక్కువ. దాని అడుగున ఎక్కడో భార్య గొంతు నలిగిపోతోంది. రెండు మాటలయ్యాక ఫోన్ పెట్టేశాడు. షాపావిడ అతని మొహం చూసింది.

"ఏమైందన్నయ్యా?"

చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

"ఇది మీ చుట్టూ ఉన్న మోతనే ఆపుతుంది. ఫోన్లోంచి వచ్చేదాన్ని ఇదేం చెయ్యగలదు? మోత మీ వైపుది కాదు, వదిన వైపుది. పెట్టుకోవాల్సింది ఆవిడ."

ఇన్నాళ్లూ కింది షాపువాడిని తిట్టిపోశాడు. ఆ మగ్గాల మోతలో రోజుకి ఎనిమిది గంటలు నిలబడేది ఆమె అన్న సంగతి ఒక్కనాడూ మనసుకి తట్టలేదు.

ఆవిడ అలమర పైనుంచి ఇంకోటి దించింది. చెవికప్పుల పక్కనుంచి నోటి ముందుకు సన్నని కాడలా మైకు వచ్చేది. "ఫోన్లు ఎత్తే ఆఫీసుల్లో ఇవే వాడతారు" అని అది తగిలించుకుని, వీధిలోకి వెళ్లి, ఆగి ఉన్న లారీ ఇంజను పక్కన నిలబడి అతనికి ఫోన్ చేసింది. "వినిపిస్తోందా?" లారీ లేదు. వీధి లేదు. ఆవిడ గొంతొక్కటే ఉంది. మాట చివర తీసిన ఊపిరి కూడా తెలిసింది.

"ఇది కట్టండి" అన్నాడు.

"మరి మీకో?"

"నాకు దూది చాలమ్మా."

పార్సిల్ ఆమెకు చేరిన రోజు ఆరింటికి అతను ఒక చెవిలో దూది కుక్కుకుని, రెండో చెవికి ఫోన్ ఆనించి కూర్చున్నాడు.

"బావా! వినిపిస్తోందా?" ఆమె అలవాటుకొద్దీ అరిచింది.

"అరవకు బుల్లీ. నెమ్మదిగా మాట్లాడు. చాలా బాగా వినిపిస్తోంది."

ఈసారి ఆమె నెమ్మదిగా మాట్లాడింది. గొంతు బొంగురుపోయి ఉంది. ఇంటికొచ్చినప్పుడల్లా జలుబనేది; మూడేళ్లుగా అరిచి అరిచి అట్లా అయిందని అతనికి అప్పుడు తెలిసింది.

"ఏం మాట్లాడను బావా? ఫోన్లో నెమ్మదిగా చెప్పేవేంటో మర్చిపోయినట్టున్నా."

"ఏదో ఒకటి. ఇవాళేం చేశావో చెప్పు."

చెప్పింది. నీలం గుడ్డలో పోగులు కనపడక కళ్లు నొప్పి పుట్టాయంది. కిటికీ మీద ఒక పావురం వాలిందంది. అతను ఊఁ కొడుతూ విన్నాడు. చివర్లో ఆమె గొంతు తగ్గించి, "ఒక్కసారి నువ్వు రా బావా" అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నావ్?"

"కొత్తేముంది? కిందటిసారి ఇంటి నుంచి వచ్చినప్పట్నుంచీ రోజూ పెట్టేసే ముందు అంటూనే ఉన్నాగా. రోజూ నువ్వు సరే అంటావు. రావు. కుదరట్లేదేమోలే, మళ్లీ మళ్లీ అడిగి ఇబ్బంది పెట్టకూడదనుకున్నా."

ఆ మాట ఒక్కరోజూ వినపడలేదని చెప్పాడు చివరికి. అవతల ఆమె నవ్విందో ఏడ్చిందో, ఊపిరి మాత్రం తడిగా వినపడింది.

మర్నాడే సెలవు చీటీ ఇచ్చాడు. లైబ్రరీ పెద్దాయన పైకీ కిందికీ చూసి, "మీకూ సెలవు కావాల్సొస్తుందని ఈ తొమ్మిదేళ్లలో నాకు తెలీనే తెలీదు మాస్టారూ" అని సంతకం పెట్టాడు.

పొద్దున్నే బస్సెక్కితే మిల్లు గేటు చేరేసరికి ఆరు కావస్తోంది. విరామం గంట మోగింది. వస్తున్నానని ముందురోజు ఫోన్లోనే చెప్పాడు కనక, లోపల్నుంచి ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది, జుట్టు మీద దూది నూగు, చేతిలో విప్పని డబ్బా. వచ్చాక ఇద్దరికీ పది నిమిషాలే మిగిలాయి. గేటు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు. అతను ఆమె జుట్టులోని నూగును ఒక్కొక్కటే తీశాడు. ఆమె అతని వేళ్లకి ఎండిపోయిన జిగురును గోటితో గీకింది. మాట్లాడాలనుకున్నవి చాలా ఉన్నాయి.

"డబ్బా తినలేదు నువ్వు" అన్నాడు, ఆమె లేస్తుంటే.

"రేపు తింటాలే. రేపుంటావుగా?"

ఉన్నాడు. వారమంతా ఉన్నాడు. పొద్దుటిపూట ఇద్దరూ ఆ ఊరి వీధులన్నీ నడిచారు. ఆరో రోజు ఆమె షిఫ్టుకెళ్లాక, బస్టాండు వెనక చిన్న ప్రెస్సు కనిపిస్తే లోపలికెళ్లి, పుస్తకాలు కుట్టేవాడెవరైనా కావాలా అని అడిగాడు. ఓనరు అతని చేతులు చూసి, నెలాఖరుకి కబురు చేస్తానన్నాడు.

ఆ మాట ఆరింటికి గేటు దగ్గర చెప్పాడు. ఆమె డబ్బా మూత తీసి, సగం అతని వైపు జరిపి, "నెలాఖరంటే ఇంకా పద్దెనిమిది రోజులుంది" అంది.